పళ్ళెమంత కంప్యూటరు

సోనేపూర్,
సెప్టెంబరు 6, 2025

తమ్ముడు పైడన్నకి,

అక్క రాస్తన్నాది. నువ్వు సముద్రం మీదున్నావో, ఒడ్డున పడి తొంగున్నావో తెలీదు. నీ శేఠ్ షెడ్డు అడ్రసుకే పంపుతన్నాను, మీ బోటు ఎప్పుడు ఆ గుజరాత్ వేరావల్ ఒడ్డుకొస్తే అప్పుడే సదువుకో. ఫోన్లో నీతో మాటాడ్డం నా వల్ల కాదు. నీ పక్కనుంచి ‘ఊఁ’ తప్ప మరో మాట రాదు, నా పక్కన మీ బావ స్పీకరు పెట్టీసి ఈదంతా ఇనిపిస్తాడు. ఉత్తరంలో నాకింకో సుఖం కూడా ఉన్నాది. మన రింకి ఒడియా బడిలో సదువుకున్నాది, తెలుగు నోటికొస్తాది గాని అచ్చరం ముక్క రాదు. దాని ఎదర కూకొని దాని ఊసే రాసుకోవచ్చు. ఇప్పుడూ ఎదరే కూకున్నాది, "ఏటి రాస్తన్నావమ్మా" అంటన్నాది. ఎండు సేపల రేటు అని సెప్పినాను.

మీ బోటులో పనిసేసే శ్రీను ఊరికొస్తా నువ్వు పంపిన కంప్యూటరు తెచ్చిచ్చినాడు. గుడ్డలో సుట్టి, గుడ్డ మీద కవరేసి, కవరు మీద మళ్ళీ గుడ్డ సుట్టినాడు. రైల్లో తలకింద పెట్టుకొని తొంగున్నాడంట, పాపం, మెడ పట్టేసి అడ్డంగా నడుస్తన్నాడు. ఇప్పి సూద్దుము గదా, అన్నం తినే పళ్ళెమంత ఉన్నాది. ఇది మూతేమో, అసలుది కిందుంటాదేమో అని నాను కవరంతా తడిమినాను. రింకి పడీపడీ నవ్వినాది.

మేనకోడలు నీకు ఫోన్లో సగం సగం సెప్పుంటాది, నాను పూర్తిగా సెప్తాను. భువనేశ్వర్లో ఒక ఆఫీసున్నాది. రేపు గాలెంత, అలెంత ఎత్తు, బోటు దించొచ్చా ఒద్దా అని సేపల ఏటకెళ్ళే వాళ్ళ ఫోన్లకి రోజూ మాటల్లో పంపుతారు. ఒడియాలో సెప్పడానికి మంది ఉన్నారు. గంజాం ఒడ్డున మన తెలుగులో సెప్పడానికి ఎవులూ దొరకనేదు, మన రింకి దొరికినాది. ఆళ్ళు ఒడియాలో పంపిన కబురుని ఇది మన మాటల్లోకి మార్చి, ఆ తెలుగు మాటల్నే ఒడియా అచ్చరాల్లో రాసుకొని, సదివి, కంప్యూటర్లో గొంతు పట్టి పంపాల. ప్లస్ త్రీ అని డిగ్రీ దాకా సదివిన సదువు ఇన్నాళ్ళకి ఒడ్డుకొచ్చినాది.

మూడు నెలలు ఇంటికాడ నుంచే సెయ్యమన్నారు. పని బాగా సాగితే ఇంటికాడే ఉండిపోవచ్చంట. సాగకపోతే భువనేశ్వర్ ఎల్లి, హాస్టల్లో ఉండి, ఆఫీసులో కూకోవాలంట. అంటే ఏటంటే తమ్ముడూ, నీ పళ్ళెం పనిసేస్తే నా పిల్ల నా ఇంట్లో ఉంటాది. పనిసెయ్యకపోతే ఎలిపోతాది. నాకున్నది అదొక్కర్తే అని నీకు నాను సెప్పక్కర్నేదు.

అందుకే దానికి పసుపు రాసి బొట్టెడదామని ఎల్లినాను. మీటల సందుల్లో కుంకుమ పడతాదని రింకి నా సెయ్యి పట్టుకున్నాది. ఆఖరికి ఛార్జింగు డబ్బాకి బొట్టెట్టినాను. ఎక్కడెట్టినా దేవుడికి తెలుస్తాది.

సముద్రం నిన్ను మంచిగా సూసుకోవాల అని రోజూ దణ్ణం పెట్టుకునే
నీ అక్క కాసమ్మ


వేరావల్,
సెప్టెంబరు 25, 2025

అక్కకి,

నీ ఉత్తరం శేఠ్ షెడ్డులో ఐసు పెట్టెల మీద దొరికినాది. సగం తడిసినాది. ‘దణ్ణం’ దగ్గర సిరా కారిపోయి నువ్వు నన్ను తిట్టినట్టుగా ఉన్నాది, అది కూడా సరిగ్గానే ఉన్నాది.

నాను బాగున్నాను. ఈసారి బోటులో కొత్త వంటోడొచ్చినాడు, ఇక్కడోడే. పప్పులో బెల్లం ఏస్తాడు. మొదటిరోజు ఎవులూ మాటాడనేదు, రెండోరోజు మన పక్కోళ్ళంతా పచ్చిమిరపకాయలు కొరుక్కొని తిన్నాం. మూడోరోజు నాను ఆడి సేతిలోంచి గరిటె లాక్కున్నాను. ఇప్పుడు ఆడు నాకు దూరం దూరంగా తిరుగుతన్నాడు, పప్పు మాత్రం తియ్యగానే ఒస్తన్నాది.

కంప్యూటరు ఊసుకొస్తాను. దాని మీద మరీ ఆశెట్టుకోకక్కా. అది సవకది. కొన్నప్పుడు షాపోడే సెప్పినాడు: పిల్లలు పాఠాలు సూసుకోడానికి, ఒక సినిమా సూడ్డానికి, నాలుగు ముక్కలు రాసుకోడానికి పనికొస్తాది, పెద్ద పని పెడితే ఆయాసపడతాది అని. మొన్న ఒడ్డుకి రాగానే రింకితో మాటాడినాను. గొంతు పడతంటే మధ్యలో హ్యాంగ్ అవుతన్నాదంట, రెండు పనులు ఒక్కసారి పెడితే బొమ్మలాగ నిలబడిపోతాదంట. దానికి తోడు మన ఉప్పుగాలి. ఇనప సంకెళ్ళే తినేసే గాలికి ఇదొక లెక్కా.

ఇది ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు, సంచిలో ఏసుకొని తిరిగే సరుకు. అందుకే సిన్నది కొన్నాను. హాస్టలంటే నువ్వనుకున్నంత పాడుది కాదు. బావని అడిగినట్టు సెప్పు.

ఇక్కడికి ఇంతే, ఐసు లోడు ఎత్తమని పిలుస్తన్నారు.
తియ్యపప్పు తింటన్న పైడన్న


సోనేపూర్,
అక్టోబరు 7, 2025

పైడన్నకి,

పంపినోడివి నువ్వే, దానికి వంకలు పెట్టేవోడివి నువ్వే. పెళ్ళికి సీర తెచ్చి, రంగు పోతాది జాగర్త అని పందిట్లో సెప్పే సుట్టాన్ని నీలోనే సూసినాను.

సవకదైతే ఏటి? మన ఇంట్లో ఖరీదైంది ఏటున్నాదని. ఇది ఒచ్చి నెల దాటినాది, ఇంట్లో అది సెయ్యని పని నేదు. మీ బావ ఒడియా జాత్రా నాటకాల పాటలు సూస్తాడు. నాను కొడల సంతలోనూ ఇచ్ఛాపురంలోనూ ఎండు మెత్తళ్ళు ఎలా పోతన్నాయో రింకి సేత అడిగిస్తాను. పక్కింటి దేముడమ్మ సూరత్లో ఉన్న మనవడి మొహం దీన్లోనే సూసినాది. సూసి "బక్కసిక్కిపోనాడు" అని ఏడిసి, మళ్ళీ రేపు సూపించమన్నాది.

అందరూ ఎగబడతంటే గొడవలొస్తన్నాయని నాను ఒడ్డున సేప పంచినట్టు పంచీసినాను. మనకి తెలిసిన నాయం అదే కదా: బోటుకొక పాలు, వలకొక పాలు, సెయ్యేసినోడికొక పాలు. ఛార్జింగు ఎక్కే సేపు బోటు పాలు, అప్పుడెవులూ ముట్టకూడదు. సిగ్నలు మీ బావ ఫోన్లోంచి ఒస్తాది, అంచేత వల పాలు ఆయనది, ఆ సేపు పాటలు సూసుకుంటాడు. సెయ్యి రింకిది, పెద్ద పాలు దానిదే. దేముడమ్మకి మిగిలిన ముక్క. మా ఇంట్లో గొడవలు తగ్గినాయి గాని, ఈ నాయం ఇన్నాక ఈదిలో ఇంకో ముగ్గురు పాలు అడగడానికొచ్చినారు.

ఉప్పుగాలి అన్నావు కదా, ఆ భయం మీ బావకీ పట్టినాది. ఒకరోజు మూత మీద తెల్లగా ఉప్పు పేరినట్టు అగుపడినాదంట. ఏట నుంచి రాగానే ఇంజనుని మంచినీళ్ళతో కడుగుతారు గదా, ఈయన బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టినాడు. రింకి సూసి పెట్టిన కేకకి బకెట్టు ఒగ్గీసినాడు. ఒగ్గీసి ఊరుకున్నాడా? అది స్నానానికి ఎల్లినప్పుడు కిరసనాయిలు గుడ్డతో ఇంజను తుడిసినట్టు మీటమీటనీ పట్టి తుడిసినాడు. తళతళలాడిపోనాది. అచ్చరాలు సగం గుడ్డకి అంటుకొచ్చినాయి. రింకి ఆ రోజంతా ఆళ్ళ నాన్నతో మాటాడనేదు. మర్నాటి నుంచి మీటలు సూడకుండానే టకటకా కొట్టీస్తన్నాది. సూసినావా, అచ్చరాలు నేకపోయినా పనాగనేదు అన్నాను. "అవునమ్మా" అని మొహం అటు తిప్పుకున్నాది. నాన్న మీద కోపం ఇంకా తగ్గనేదు కాబోలు. ఈ సంగతి నానే సెప్పినానని మీ బావతో అనకు.

హ్యాంగూ నేదు, గింగూ నేదు. గొంతు సరిగ్గా పడడం నేదంటే దానికీ దారి సూసినాను. ఎండు సేపల గదిలో గోనెల మధ్య కూకోబెట్టినాను. గోనెలు సప్పుడుని మింగేస్తాయి, గొంతు శుద్ధంగా పడతాది. పొద్దున్నా సాయంత్రం అది సదివే సేపు నాను సీపురు పట్టుకొని ఈదిలో నిలబడతాను. దేముడమ్మ కోళ్ళని బుట్టకింద మూసీస్తాది. ఆటోవోడు కూడా ఇంజను ఆపి తోసుకొని పోతన్నాడు. ఏ ఆఫీసులో ఇంత సేస్తారు?

మిషన్ని ఏటైనా అనుకో. నా ఇల్లు సాలదని మాత్రం అనకు.

కోపంగా ఉన్న అక్క


వేరావల్,
అక్టోబరు 20, 2025

అక్కకి,

ఇల్లు సాలదని నానెప్పుడన్నాను? నాను పుట్టి పెరిగిన ఈదే అది. నువ్వు సీపురు పట్టుకొని నిలబడితే ఆటో ఏటి, రైలే ఆగిపోతాది. ఇచ్ఛాపురం స్టేషను మాస్టరుకి ముందే సెప్పి ఉంచు.

బావ కిరసనాయిలు పని సదివి మా వాళ్ళకి ఇనిపించినాను. మా ఇంజను డ్రైవరు మాత్రం నవ్వనేదు. "కిరసనాయిలు కాదు, డీజిలు పెట్టాల్సింది" అన్నాడు.

రింకి గొంతు బావ పంపినాడు. ఒడ్డున వలలు కుట్టుకుంటా ఇన్నాం. "రేపు సోనేపూర్ నుంచి గోపాల్‌పూర్ దాకా గాలి బలంగా ఉంటాది, సిన్న బోట్లు దించొద్దు బాబూ" అన్నాది. ఆ ‘బాబూ’ ఆఫీసోళ్ళు రాసింది కాదు, నాకు తెలుసు. మన అమ్మ గొంతు దానికొచ్చినాదక్కా. నాకు కళ్ళంట నీళ్ళొచ్చినాయి. వంటోడికి ఒక్క ముక్క అర్థం కానేదు గాని, గరిటె తిప్పడం ఆపి ఇన్నాడు.

అయినా నా మాట అదే. ఆ మిషను నిలబడదు. తెర సిన్నది, రోజంతా సూస్తే కళ్ళు పోతాయి. బేటరీ కొన్నాళ్ళకి సచ్చిపోతాది. నువ్వు మిషన్ని పట్టుకొని కూకోకుండా, దానికి ఏటి కావాలో పిల్లని ఒకసారి అడుగు. నెమ్మదిగా అడుగు. నీ నెమ్మది నాకు తెలుసు కాబట్టి ఇంకా నెమ్మదిగా అడుగు.

తమ్ముడు


సోనేపూర్,
నవంబరు 4, 2025

పైడన్నకి,

ఇప్పుడు సెప్పు. ఇప్పుడేటంటావో సెప్పు.

తుఫాను మన మీదకి రాకుండా కింద పక్కకి ఎలిపోనాదని నీకు తెలిసే ఉంటాది. తోక మాత్రం మనకి తగిలినాది. గాలి, వాన, రెండు కొబ్బరి సెట్లు పడినాయి, దేముడమ్మ వంటింటి రేకు ఎగిరి మా పెరట్లో పడినాది. కరెంటు పోయి మూడో రోజుకి గాని రానేదు. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కొక్కటే సచ్చిపోనాయి.

నీ పళ్ళెం సావనేదు. కబురు ఒచ్చిన రోజునే రింకి దాని కడుపు నింపి ఉంచినాది. జాత్రా పాటలు బందు, మనవడి మొహం బందు, పనికి తప్ప ముట్టొద్దని నాను సెప్పీసినాను. ఈదిలో ఫోన్లకి దాన్లోంచే ఒక్కో గుక్క ఛార్జింగు పోసినాది. గోనెల మధ్య కూకొని, దుప్పటి కప్పుకొని, ఆఫీసోళ్ళు పంపిన ప్రతి కబురూ సదివి పంపినాది. బయట గాలి అరుస్తాంటే దాని గొంతు ఒణకనేదు. నాకు ఒణుకొచ్చినాది గాని దానికి రానేదు.

అంతకు ముందు రోజు ఎండ బాగానే ఉన్నాది. మగాళ్ళు "ఏటీ అవదు, ఒక్క ఏట ఏసుకొచ్చీద్దుం" అని బోట్లు తోస్తన్నారు. మీ బావ కూడా తోస్తన్నాడు. అప్పుడు ఒక్కసారే అందరి జేబుల్లోంచీ రింకి మాటాడినాది. "ఇయ్యాల ఎవులూ దిగొద్దు. దిగినోలు బేగి ఎనక్కి రండి." మీ బావ సొంత కూతురి మాట ఇంట్లో ఏనాడైనా ఇన్నాడా? ఒడ్డున ఇన్నాడు. బోటు వెనక్కి లాగినారు. పక్కూరోళ్ళ బోటు ఒకటి ఎల్లి, పగిలి, మనుషులు ఈదుకొచ్చినారు. మనోళ్ళు ఒక్కరూ ఎల్లనేదు.

ఆఫీసోళ్ళు ఫోన్ సేసి మెచ్చుకున్నారు. నెలాఖరుకి సెప్పమన్నారంట, ఇంటికాడే ఉంటావా, ఇక్కడికొస్తావా అని. నీ ఇష్టం అన్నారంట. ఇంకేటి కావాల? నాను ఇంటికాడే అని సెప్పీమన్నాను. రింకి మాత్రం మళ్ళీ అదే పాట, మిషను ఆగిపోతన్నాదమ్మా, మిషను సాలదమ్మా. తుఫానులో ఆగనిది ఇప్పుడెందుకాగుతాది?

నీ మేనకోడలికీ నీకూ కలిపి నాను ఒకేసారి బదులు సెప్పబోతున్నాను. బరంపురం బస్టాండు కాడ నీలకంఠం అనే ఆయన కంప్యూటర్లు బాగుసేస్తాడంట, మంచోడంట. ఎండు సేపల బేరానికెల్తన్నానని సెప్పి, సేపల బుట్టలో గుడ్డ పరిసి దీన్ని పట్టుకెల్తాను. లోటుంటే బాగుసేయిస్తాను. లోటు నేదంటే మీ ఇద్దరి నోళ్ళూ మూయిస్తాను. వచ్చే బుధారం ఎల్తాను.

గెలవబోతున్న అక్క


వేరావల్,
నవంబరు 13, 2025

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే సూసినాను. బుధారం దాటిపోనాది, ఇంకా ఎల్లకపోయుంటే బరంపురం ఎల్లొద్దు. మిషన్ని ఎవులికీ సూపించొద్దు. ఫోన్ సేద్దుమంటే స్పీకర్లో బావ ఉంటాడు, రింకి ఉంటాది, అక్కడ సెప్పే మాట కాదిది. ముందు పిల్లని పక్కన కూకోబెట్టుకొని మాటాడు.

మళ్ళీ బోటు కదుల్తన్నాది. ఇది శ్రీను బావమరిది సేతికిచ్చి పంపుతన్నాను, పోస్టు కన్నా బేగి ఒస్తాదని.

పైడన్న


సోనేపూర్,
నవంబరు 16, 2025

పైడన్నకి,

నీ సీటీ నిన్న అందినాది. నాను బుధారమే బరంపురం ఎల్లొచ్చినాను.

బుట్ట మీద గుడ్డ తీసి కంప్యూటరు బల్ల మీద పెడితే నీలకంఠంగారు ముందు వాసన సూసినాడు. కిరసనాయిలూ ఎండు సేపా కలిసిన కంప్యూటరు ఇన్నేళ్ళలో సూడనేదమ్మా అన్నాడు. నవ్వి, ఇప్పి, తుడిసి, ఏవేవో నొక్కి, రింకి గొంతు ఏసి ఇన్నాడు. నన్ను కుర్చీ ఏసి కూకోమన్నాడు. ఇది సిన్నదే, సవకదే, సినిమాలు తీసే పని దీనితో అవదు అన్నాడు. కాని ఇంట్లో రాసుకోడం, సదువుకోడం, పాటలు ఇనడం, గొంతు పట్టి పంపడం, మొహం సూసుకొని మాటాడుకోడం, ఇయన్నీ హాయిగా సేస్తాదన్నాడు. ఆగిపోతన్నాదంట కదా అంటే, ఎక్కడా ఆగిన జాడ నేదమ్మా, మీ ఇంటికి ఇది సరిపోతాది అన్నాడు. డబ్బులు కూడా పుచ్చుకోనేదు. నాను బస్సులో ఎలా ఒచ్చినానో తెలీదు, తేలిపోయి ఒచ్చినాను. గిరిసోల కాడ దిగి జంతికలు కొన్నాను, రింకికి.

ఇంటికొచ్చి బుట్టలోంచి కంప్యూటరు తీసి దాని ముందు పెట్టినాను. బరంపురంలో సూపించినాను, ఏ లోటూ నేదని సెప్పినాడు, ఇక నీకూ మీ మావయ్యకీ మాట నేదు, ఆఫీసోళ్ళకి ఫోన్ సెయ్యి అన్నాను. రింకి జంతికలు ముట్టనేదు. కంప్యూటరు ముట్టనేదు. నాకేసి సూసినాది. తమ్ముడూ, ఆ సూపు నాను మర్చిపోను.

"అమ్మా, మిషన్లో ఏ లోటూ నేదు. నాకే ఎల్లాలనున్నాది" అన్నాది.

అదొక్కటే అన్నాది. ఇంతకాలం మిషను మిషను అంటన్నది నా ముందు ఆ మాట అనలేకేనా? నాను అంత భయంకరం మనిషినా? సీపురు పట్టుకొని ఈదిలో నిలబడి నాను కాపలా కాసింది సప్పుడు రాకుండానా, నా పిల్ల బయటికి పోకుండానా? నాను వంటింట్లోకెల్లి, ఉల్లిపాయలు కొయ్యాల్సిన పని నేకపోయినా ఉల్లిపాయలు కోసినాను. మీ బావ ఒచ్చి ఏటైనాదే అంటే ఉల్లిపాయలు అన్నాను.

నీకు తెలుసు. నీ సీటీ సదివినాక అర్థమైనాది. నువ్వు నీ సొంత డబ్బులతో కొన్నదాన్ని నువ్వే ఎందుకు సవకదనీ, నిలబడదనీ తిడతన్నావో. నువ్వూ అదీ ఒక జట్టు. నాను ఒక్కర్తినే ఇటు.

కోపం కాదు. కోపమైతే బాగుండును. నాకు భయమేస్తన్నాది. ఇది ఎలిపోతే ఈ ఇంట్లో నాను ఎవులి మీద అరవాల? నిన్న కంచంలో అన్నం పెడతంటే సెయ్యి ఆగిపోనాది, రేపటి నుంచి రెండు కంచాలే కదా అని. రేపేటి, ఇంకా ఎల్లనేదు, అయినా ఆగిపోనాది.

దాని మొహం సూసి ఇంతవరకూ ఏటీ సెప్పనేదు. నెలాఖరు దగ్గరపడతన్నాది. నువ్వేటంటావో రాయి. అబద్ధం ఆడకుండా రాయి.

కాసమ్మ


వేరావల్,
నవంబరు 24, 2025

అక్కకి,

తెలుసు. మొదటి నుంచీ తెలుసు. సిన్న కంప్యూటరు కొనమని అడిగింది అదే. "సంచిలో పట్టేది కొను మామా" అన్నాది. నాను కొన్నాను. నీకు సెప్పమన్నాను, సెప్పలేనన్నాది. అమ్మ తిడితే పడతాను, ఏడిస్తే నాను ఎల్లలేను మామా అన్నాది. అందుకే నెపం మిషను మీద ఎట్టినాం ఇద్దరం. మిషనుకి నోరు నేదు కదా అనుకున్నాం. నువ్వు దాని తరపున ఇంత గట్టిగా వాదిస్తావని ఎవులికి తెలుసు?

భయంకరం మనిషివి కాదక్కా. నువ్వు భయంకరం మనిషివైతే అది ఈపాటికి సెప్పాపెట్టకుండా ఎలిపోయేది.

ఎందుకెల్లాలనున్నాదో కూడా అడిగినాను. ఇల్లు ఇష్టం నేక కాదు. ఎవులో రాసి పంపిన కబురుని ఇది సదివి పంపుతన్నాది. ఆ కబురు ఎక్కడ తయారవుతాదో, గోడంత తెర మీద సముద్రం మొత్తం ఎలాగ అగుపడతాదో, గాలి మారిందని ముందుగా ఎవులికి ఎలా తెలుస్తాదో, అదంతా నేర్సుకోవాలంట. తుఫాను రోజు దుప్పటి కింద కూకొని, ఆళ్ళు సెప్పిన మాట నిజమో కాదో నాకెలా తెలుస్తాది, నాన్న బోటు నా మాట మీద ఆగింది, తప్పైతే ఏటవును, అని వణికిపోనాదంట. నీకు దాని గొంతే ఇనబడినాది. ఆ వణుకు నాకు తరవాత ఫోన్లో సెప్పినాది.

ఇంతకన్నా నాకు తెలీదు. నువ్వు ఏడిసినా దాని ఎదర ఏడవకు. ఏడిస్తే ఆగిపోతాది. అది ఆగిపోతే నీకు బాగుంటాదా, నువ్వే సూసుకో.

నీ జట్టే అయిన తమ్ముడు


సోనేపూర్,
డిసెంబరు 18, 2025

పైడన్నకి,

నీ ఉత్తరం ఒచ్చిన రోజే రింకిని పెరట్లో కూకోబెట్టి తల దువ్వినాను. దువ్వుతా సెప్పినాను, ఆఫీసోళ్ళకి ఒస్తానని ఫోన్ సెయ్యమని. ఎనకనుంచి దువ్వుతన్నాను కాబట్టి నా మొహం దానికి అగుపడనేదు. దాని భుజాలు కదిలినాయి, అంతే నాకు అగుపడినాది. ఇద్దరం బాగానే నెగ్గుకొచ్చినాం.

పోయిన ఆదివారం ఎల్లినాది. బరంపురం స్టేషనుకి మీ బావా నానూ ఎల్లినాం. మీ బావ సంచి మోసినాడు. రైలు కదిలినాక దాంతోపాటు నడిసి, "గాలి మారితే ముందు నాకు సెప్పు" అన్నాడు. ఇన్నాదో నేదో. ఎండు మెత్తళ్ళ పొడి సీసాలో ఏసిచ్చినాను. హాస్టల్లో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటారేమో అంటే, మూసుకోనీ అన్నాది.

కంప్యూటరు తీసుకెల్లనేదు. సంచిలో పెడతంటే అదే బయటికి తీసి బల్ల మీద పెట్టినాది. అక్కడ ఆఫీసోళ్ళు పెద్దది ఇస్తారంట. "ఇది ఇంటికి సరిపోతాదని నువ్వే కదమ్మా సెప్పినావు, ఇంట్లో ఉండనీ" అన్నాది. మీ ఇద్దరితోనూ అంత వాదించి గెలిసినాను, ఆ గెలిసింది బల్ల మీద ఉండిపోనాది.

పొద్దున్న అలవాటు కొద్దీ సీపురు పట్టుకొని ఈదిలోకెల్లినాను. దేముడమ్మ కోళ్ళు బుట్టకిందే ఉన్నాయి, ముసిల్దానికీ అలవాటైపోనాది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం సూసుకొని కోళ్ళని ఒదిలీసినాం. అప్పుడు మీ బావ జేబులోంచి రింకి మాటాడినాది, గాలి మామూలే, బోట్లు దించొచ్చు బాబూ అని. అదే గొంతు. గోనెల వాసన మాత్రం నేదు.

సాయంత్రం అది ఆఫీసు నుంచి ఒచ్చినాక కంప్యూటర్లో మొహం సూపిస్తన్నాది. ఎలా తెరవాలో, ఏది నొక్కాలో నాకు నేర్పించే ఎల్లినాది. అచ్చరాలు నేని మీటలు కాబట్టి ఎక్కడెక్కడ నొక్కాలో ఏలితో గుర్తెట్టుకున్నాను. మీ బావా నానూ ఎదర కూకుంటాం. అది నవ్వుతాది, పెద్ద తెర సంగతులు సెప్తాది, తిన్నానమ్మా అంటాది. నాను మొహం దగ్గరగా పెట్టి సూస్తాను.

నువ్వు సెప్పిందే నిజం తమ్ముడూ. తెర సిన్నది. మొహం పడితే భుజాలు పడవు. ఎనక్కి జరగవే అంటే భుజాలు పడతాయి, మొహం గోరంతైపోతాది. సిక్కినాదో నేదో తెలీడం నేదు. కళ్ళకింద నలుపున్నాదో, దీపం నీడో తెలీడం నేదు. నీలకంఠంగారు మంచోడే, ఆయన సూడాల్సినవన్నీ సూసినాడు. ఇది ఆయనకి తెలీదు.

ఇంటికి సాలదు, తమ్ముడూ. సాలదు.

అక్క